సిగ్మా 150-600: ఒకే లెన్స్, మూడు బాడీలు. ఫోకస్ సరిచేయాల్సింది లెన్స్‌లోనా, బాడీలోనా?

రెక్కలు_600

లెన్స్ సిగ్మా 150-600 కాంటెంపరరీ, కెనాన్ మౌంట్. బాడీలు మూడు: 5డి మార్క్ 4, 7డి మార్క్ 2, స్పేర్‌గా 60డి. 600 దగ్గర, ఎఫ్/6.3లో, 15 మీటర్ల దూరంలో చూస్తే 5డి మీద ఫోకస్ ముందుకు పడుతోంది, బాడీ మైక్రో అడ్జస్ట్‌మెంట్ మెనూలో (ఫోకస్ పడే చోటుని మెట్ల చొప్పున ముందుకీ వెనక్కీ జరిపేది) +7 పెడితే సరిపోతోంది. 7డి మీద వెనక్కి పడుతోంది, −3 కావాల్సి వస్తోంది. 60డి మీద కూడా ముందుకే పడుతోంది గానీ అందులో మైక్రో అడ్జస్ట్‌మెంట్ మెనూయే లేదు. పైగా 5డిలో 15 మీటర్లకి కుదిరిన +7, 40 మీటర్లు దాటిన పక్షి మీద ఎక్కువైపోయి ఫోకస్ వెనక్కి జారుతోంది.

సిగ్మా యూఎస్‌బీ డాక్ (లెన్స్‌లోని సెట్టింగుల్ని కంప్యూటర్ నుంచి మార్చే పరికరం) దగ్గరుంది. లెన్స్‌లో దిద్దాలా, బాడీల్లో దిద్దాలా, రెండు చోట్లానా? 5డిలో వచ్చిన +7ని డాక్‌లో +7గా ఎక్కించేయొచ్చా? టార్గెట్‌గా 15 సెంటీమీటర్ల స్కేలుని ఏటవాలుగా పెట్టి చూస్తున్నాను.

గ్రౌండ్‌గ్లాస్

రెండు చోట్లా దిద్దాలండీ. కాకపోతే ఏ తప్పు ఎవరిదో ముందు విడదీయాలి.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచేది ఇమేజ్ సెన్సర్ కాదు. మెయిన్ మిర్రర్ వెనకున్న చిన్న సబ్ మిర్రర్ కొంత వెలుగుని కిందికి మళ్లిస్తుంది, మిర్రర్ బాక్స్ అడుగున ఉన్న ఏఎఫ్ (ఆటోఫోకస్) మాడ్యూల్ దాన్ని చదువుతుంది. మౌంట్ నుంచి ఆ మాడ్యూల్‌కి ఉన్న దూరం, మౌంట్ నుంచి ఇమేజ్ సెన్సర్‌కి ఉన్న దూరం సరిగ్గా సమానంగా ఉండాలి. వెంట్రుక మందంలో కొంత భాగం తేడా వచ్చినా ఫోటోలో తెలిసిపోతుంది. ఇది బాడీ తప్పు. ఆ బాడీకి ఏ లెన్స్ తగిలించినా, ఏ దూరంలో వాడినా, తప్పు ఒకే వైపుకి ఉంటుంది.

లెన్స్ తప్పు తీరు వేరు. అది జూమ్‌ని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. 15 మీటర్లకీ 40 మీటర్లకీ మీకు తేడా వస్తోందంటే అది లెన్స్ తప్పు, ఇలా దూరంతో మారేదాన్ని వంపు అందాం. బాడీ మెనూలో దాన్ని దిద్దలేరు, ఎందుకంటే 5డి మార్క్ 4, 7డి మార్క్ 2 రెండూ ఒక లెన్స్‌కి వైడ్ చివర ఒక విలువ, టెలి చివర ఒక విలువ మాత్రమే ఇస్తాయి. మధ్యలో ఉన్న జూమ్‌కి కెమెరాయే లెక్క వేసుకుంటుంది. దూరం అనే గడి అందులో లేదు. డాక్‌లో ఉంది: జూమ్‌లో 4 చోట్ల, ఒక్కో చోట 4 దూరాలకి, మొత్తం 16 గడులు.

కాబట్టి వంపు డాక్‌లో, మిగిలిన స్థిరమైన తేడా బాడీలో.

ఇక లెన్స్‌ని ఏ బాడీకి తగ్గట్టు దిద్దాలంటే, మెనూ లేని బాడీకి. అంటే 60డికి. (50డిలో ఉన్న మెనూని కెనాన్ 60డిలో తీసేసి 70డిలో మళ్లీ ఇచ్చింది. ఎందుకు తీశారో గానీ వాడేవాళ్లకి మాత్రం తలనొప్పి మిగిలింది.) 60డి మీద 16 గడులూ సరిచేసుకుంటే లెన్స్ దానికి సరిపోతుంది. తర్వాత 5డి, 7డి మీద మిగిలిన తేడాని వాటి మెనూల్లో పెట్టుకోండి. అదే 60డి సంచిలోంచి బయటికి రావడమే అరుదైతే ఈ శ్రమ దండగ. ఎక్కువగా వాడే బాడీనే ప్రమాణంగా పెట్టుకుని, 60డి మీద లైవ్ వ్యూలో (వ్యూఫైండర్ బదులు వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసుకుంటే సరిపోతుంది. లైవ్ వ్యూలో ఫోకస్ చూసేది ఇమేజ్ సెన్సరే గనక ఈ గొడవ అక్కడ రాదు.

డాక్‌లో +7 ఎక్కించొద్దు. కెనాన్ మెట్టు వేరు, సిగ్మా మెట్టు వేరు. రెండూ −20 నుంచి +20 దాకా ఉన్నంత మాత్రాన ఒకటే కొలత కాదు. దిశని కూడా ఊహించొద్దు. డాక్‌లో ఒక గడికి +15 ఎక్కించి ఒక ఫోటో, −15 ఎక్కించి ఒక ఫోటో తీస్తే ఏది ఎటు జరుపుతుందో, ఎంత జరుపుతుందో కళ్లెదుటే కనబడుతుంది. కెనాన్ మెనూలో ప్లస్ అంటే ఫోకస్ కెమెరా నుంచి దూరంగా జరగడం, మైనస్ అంటే దగ్గరికి రావడం.

ఇంకో మాట. మీ 5డికి +7, 7డికి −3, అంటే రెంటికీ మధ్య 10 మెట్లు. ఆ 10 బాడీల మధ్య తేడా, లెన్స్‌లో ఏం మార్చినా మారకూడదు. 60డి కోసం లెన్స్‌ని దిద్దాక 5డికి +2 కావాల్సి వస్తే, 7డికి −8 దగ్గర్లో రావాలి. −2 వచ్చిందంటే కొలతలోనే ఎక్కడో తేడా ఉంది, మళ్లీ చూసుకోండి. అలాగే 60డిని తృప్తిపరచబోయి 7డిని −18కి నెట్టేయకండి. అలా వస్తే 60డి ఏఎఫ్ మాడ్యూలే సర్వీసుకి వెళ్లాలి, లెన్స్ కాదు.

అంగుళం_తేడా

పైన చెప్పినదంతా సరే. కానీ ఆ +7, −3 నమ్మదగిన అంకెలా అన్నది ముందు తేలాలి. 15 సెంటీమీటర్ల స్కేలు అన్నారు, అక్కడే అనుమానం వచ్చింది.

600 ఎం.ఎం., ఎఫ్/6.3, 15 మీటర్లు. ఫుల్ ఫ్రేమ్‌కి మామూలుగా వాడే 0.03 ఎం.ఎం. లెక్కతో (సెన్సర్ మీద అంత మసకని పదునుగానే లెక్కేస్తే) డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే పదునుగా కనబడే లోతు, దాదాపు 24 సెంటీమీటర్లు. మీ స్కేలు మొత్తం అందులోనే ఇమిడిపోతుంది, ఏటవాలుగా పెడితే లోతులో ఇంకా చిన్నదైపోతుంది. 100 శాతం పెద్దది చేసి కఠినంగా చూస్తే పదును కనబడే మేర 6 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది, నిజమే. అయినా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రెండు వైపులా కనబడాలంటే ముందుకి 30, వెనక్కి 30 సెంటీమీటర్లు ఉండాలి. అదే లెన్స్‌ని 30 మీటర్లకి తీసుకెళ్తే డెప్త్ 4 రెట్లు, దాదాపు 95 సెంటీమీటర్లు. స్కేలు ఎందుకూ పనికిరాదు. పొడవాటి బల్ల మీద 5 సెంటీమీటర్లకొకటి చొప్పున సన్నటి పుల్లలు నిలబెట్టి, ఒకదాన్నొకటి కప్పకుండా కొంచెం పక్కకి జరుపుతూ అమర్చండి.

టెలిలో "మూడో వంతు ముందు, రెండు వంతులు వెనక" సూత్రం మర్చిపోండి. ఈ దూరాల్లో ముందూ వెనకా దాదాపు సమానం. మూడో వంతు లెక్కతో చూసేవాళ్లు బాగున్న లెన్స్‌ని కూడా వెనక్కి తోసేస్తారు.

ఫోకస్ పట్టించాల్సింది స్కేలు మీద కాదు. వ్యూఫైండర్‌లో కనబడే చిన్న చదరం కంటే అసలు ఏఎఫ్ పాయింట్ చదివే మేర పెద్దది. ఏటవాలు స్కేలు మీద అది ఏ గీతని పట్టుకుందో మీకు తెలియదు. చదునైన అట్ట మీద నలుపు తెలుపు గీతలు గట్టిగా కనబడే టార్గెట్‌ని సెన్సర్‌కి సమాంతరంగా నిలబెట్టి, ఫోకస్ దాని మీద పట్టించండి. పుల్లల వరస దాని పక్కన ఉండాలి, టార్గెట్ ముఖానికి సరిగ్గా సమంగా ఉన్న పుల్లకి ఒక గుర్తు పెట్టుకోండి. సమాంతరం చూసుకోవడానికి టార్గెట్ ముఖానికి ఆనించి చిన్న అద్దం పెట్టండి. లైవ్ వ్యూలో మీ లెన్స్ ముందు గాజు ప్రతిబింబం ఫ్రేమ్ నడిమధ్యన కనబడాలి.

దూరం విషయానికొస్తే, ఫోకల్ లెంత్‌కి 50 రెట్లు అన్నది కెనాన్ చెప్పే లెక్క, 600కి 30 మీటర్లు. 25 రెట్లు అంటే మీ 15 మీటర్లు. డాక్‌తో చేస్తున్నారు గనక మీకు ఈ చర్చ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఏ దూరాలు చూపిస్తే ఆ దూరాల్లోనే టార్గెట్ పెట్టాలి.

ఆరుబయట 30 మీటర్లు దాటితే అసలు శత్రువు వేడి గాలి. ఎండెక్కాక నేల మీంచి లేచే వేడికి టార్గెట్ గీతలు నీళ్లలో ఉన్నట్టు ఊగుతాయి. ఫోకస్ తప్పిందని మెట్లు మార్చుకుంటూ కూర్చుంటారు, తప్పు గాలిది. తెల్లవారాక తొలి గంటలో గానీ, మబ్బు పట్టిన రోజు గానీ చేయండి. టార్గెట్, ట్రైపాడ్ రెండూ నేలకి కనీసం నడుమెత్తున ఉంటే మేలు. గదిలోంచి తీసిన లెన్స్‌ని బయటి ఉష్ణోగ్రతకి అలవాటు పడనివ్వండి.

మిగతావి త్వరగా చెప్తాను. ముందున్న యూవీ ఫిల్టర్ తీసేయండి. ఓఎస్ (లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు) ఆఫ్. మధ్య పాయింట్ ఒక్కటే, వన్ షాట్ మోడ్, ఎఫ్/6.3. షట్టర్ 1/1000 కంటే నెమ్మదిగా ఉండకూడదు, 2 సెకన్ల టైమర్ గానీ కేబుల్ గానీ వాడండి. పగటి వెలుతురులోనే చేయండి. పసుపుపచ్చ బల్బు కింద చేస్తే ఏఎఫ్ మాడ్యూల్ చదివే రంగుల పాళ్లు మారి, బయటికొచ్చాక అంకె కుదరదు.

ముందుగా లైవ్ వ్యూలో, 10 రెట్లు పెద్దది చేసి, ఫోకస్ చేసి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ఆ లెన్స్ ఇవ్వగలిగిన పదును అంతే. దానితోనే పోల్చాలి.

తర్వాత వ్యూఫైండర్‌తో 10 ఫోటోలు. ప్రతి ఫోటోకీ ముందు ఫోకస్‌ని చెడగొట్టాలి: 5 సార్లు అనంతం వైపు నుంచి, 5 సార్లు దగ్గరి వైపు నుంచి. రెంటినీ కలపకుండా విడివిడిగా రాసుకోండి. గేర్లలోని వదులు వల్ల చాలా టెలిలు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపే కాస్త ముందుగా ఆగిపోతాయి. రెంటికీ నడుమ విలువ తీసుకోవాలి. పదింటిలో బాగొచ్చిన ఒక్కదాన్ని చూసి అంకె ఖాయం చేయడమే అందరూ చేసే తప్పు.

ఆ పదీ ఒకదానికొకటి ఎంత దూరంగా పడ్డాయో కూడా చూడండి. చెదురు 12 సెంటీమీటర్లు ఉండి, సగటు తప్పు 4 సెంటీమీటర్లే అయితే దిద్దడానికి ఏమీ లేదు. ఆ చెదురుని ఏ మెనూ తగ్గించదు. మౌంట్ వదులు, మురికి పట్టిన కాంటాక్టులు, వెలుతురు చాలకపోవడం, వీటిలో ఏదో ఒకటై ఉంటుంది.

రెక్కలు_600

ఇద్దరికీ ధన్యవాదాలండీ. పుల్లల వరస ఏర్పాటు చేసుకుంటాను. 16 గడులకీ పదేసి ఫోటోలంటే రోజంతా పట్టేలా ఉంది. ఫోటోలు తీయకుండా వ్యూఫైండర్‌లో ఫోకస్ చుక్క చూసి విలువ తేల్చే పద్ధతి ఒకటుందని విన్నాను. అది పనికొస్తుందా?

ఇంకొకటి, 7డి మార్క్ 2లో ఫోటోలు 5డి కంటే ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి, విలువ సరిపోయాక కూడా.

చుక్కపద్ధతి

పనికొస్తుంది. ట్రైపాడ్ మీద పెట్టి, లైవ్ వ్యూలో టార్గెట్ మీద ఖచ్చితంగా ఫోకస్ చేసి, లెన్స్‌ని ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) మార్చేయండి. ఆ తర్వాత రింగుని ముట్టుకోకూడదు. లైవ్ వ్యూ ఆపి, మెనూలో −20 నుంచి మొదలుపెట్టి 2 మెట్ల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ షట్టర్ సగం నొక్కి ఫోకస్ చుక్క చూడండి. కొన్ని విలువల్లో చుక్క స్థిరంగా వెలుగుతుంది, అంచుల్లో మినుకుమంటుంది, బయట అసలు వెలగదు. స్థిరంగా వెలిగిన మేర −2 నుంచి +14 దాకా ఉంటే మీ విలువ +6. పది నిమిషాల పని. మినుకుమన్న విలువల్ని మేరలో కలపొద్దు, నడుమ జరిగిపోతుంది.

దీనికి మెనూ ఉన్న బాడీ కావాలి, కాబట్టి 60డికి కుదరదు. అక్కడ పుల్లలే గతి.

7డి మెత్తదనానికి కారణం పిక్సెల్ సైజు. 7డి మార్క్ 2లో పిక్సెల్ దాదాపు 4.1 మైక్రాన్లు, 5డి మార్క్ 4లో 5.4. 100 శాతంలో చూస్తే అదే తప్పు 7డిలో మూడో వంతు ఎక్కువ పెద్దదిగా కనబడుతుంది, లెన్స్ మెత్తదనం కూడా అంతే. రెండు ఫోటోల్నీ 100 శాతంలో పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. 7డి వ్యూఫైండర్ ఫోటోని 7డి లైవ్ వ్యూ ఫోటోతోనే పోల్చండి.

అంగుళం_తేడా

చుక్క పద్ధతిలో ఒక లోటుంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. అందులో లెన్స్ మోటారు కదలదు. ఏఎఫ్ మాడ్యూల్ "సరిగ్గా ఉంది" అనే చోటు మాత్రమే తెలుస్తుంది. నిజంగా వాడేటప్పుడు కెమెరా "ఇంత జరుగు" అని చెప్తుంది, లెన్స్ జరుగుతుంది, ఆ జరగడంలోని తేడా చుక్కకి కనబడదు. స్థూలంగా తేల్చుకోవడానికి చుక్క బాగుంటుంది. తేలిన అంకె చుట్టూ −3, 0, +3 మెట్లకి పదేసి ఫోటోలు తీసి ఖాయం చేసుకోండి.

చుక్కపద్ధతి

ఒప్పుకుంటాను. మొదటి అంచనాకే వాడమంటున్నాను.

గ్రౌండ్‌గ్లాస్

16 గడుల భారం గురించి: అన్నీ కొలవక్కర్లేదు. 600 వరసలోని 4 దూరాలు జాగ్రత్తగా చేయండి. ఈ లెన్స్ కొనేది అక్కడ వాడడానికే. 150 వరసలో దగ్గరి దూరమొకటి, అనంతమొకటి చూడండి. మధ్య వరసలకి పై కింది విలువల్ని బట్టి అంచనా వేసి నింపి, ఒక్కో ఫోటోతో సరిచూసుకోండి. 150 దగ్గర తప్పు కొంచెం ఉన్నా డెప్త్ మింగేస్తుంది.

డాక్‌లో ఏదైనా మొదలుపెట్టే ముందు లెన్స్ ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించండి. అంకెలన్నీ తేలాక ఎక్కిస్తే మళ్లీ మొదటికి రావాల్సి రావచ్చు. 5డి, 7డి మైక్రో అడ్జస్ట్‌మెంట్ "డిజేబుల్"లో ఉంచి లెన్స్ పని ముగించండి. ప్రతి మార్పుకీ లెన్స్ విప్పి డాక్‌కి తగిలించి, రాసి, మళ్లీ కెమెరాకి బిగించాలి, విసుగు పుట్టిస్తుంది. ట్రైపాడ్ కాలర్‌ని కదలనివ్వకుండా లెన్స్‌ని ట్రైపాడ్ మీదే ఉంచి, వెనక బాడీని మాత్రం విప్పి డాక్ తగిలిస్తే టార్గెట్ అమరిక చెడదు.

రిజిస్ట్రేషన్ దగ్గర కూడా ఒక మెలిక ఉంది. 5డి మార్క్ 4, 7డి మార్క్ 2 లెన్స్‌ని మోడల్‌తో పాటు సీరియల్ నంబర్‌తో గుర్తుపెట్టుకుంటాయి, ఒక్కో బాడీలో 40 లెన్స్‌ల దాకా. 5డి మార్క్ 2, మొదటి 7డి లాంటి పాతవి మోడల్‌నే చూస్తాయి, ఒకే మోడల్‌వి రెండు లెన్స్‌లుంటే రెంటికీ ఒకే విలువ పడుతుంది. సీరియల్ నంబర్ కెమెరాకి అందకపోతే మెనూలో మీరే కొట్టుకోవచ్చు. "అన్నిటికీ ఒకే మోతాదు" అన్న ఎంపిక జోలికి వెళ్లొద్దు, "లెన్స్ వారీగా" పెట్టండి.

వందనాలుగొందలు

ఇదే చర్చలో నాదీ ఒకటి. కెనాన్ 100-400 ఎల్ 2, దానికి 1.4ఎక్స్ 3 (ఫోకల్ లెంత్‌ని 1.4 రెట్లు చేసే టెలికన్వర్టర్). బాడీలు 5డి మార్క్ 4, 7డి మార్క్ 2. కన్వర్టర్ లేకుండా తేల్చిన విలువ కన్వర్టర్‌తో కూడా పనిచేస్తుందా?

చుక్కపద్ధతి

పనిచేయదు. కెమెరా కూడా లెన్స్ ఒక్కటే ఉన్నప్పుడూ, లెన్స్ ప్లస్ కన్వర్టర్ ఉన్నప్పుడూ వేర్వేరుగా నమోదు చేసుకుంటుంది, కాబట్టి రెండూ విడిగా తేల్చాలి. కన్వర్టర్‌కి తనదైన తప్పు ఉంటుంది, పైగా లెన్స్‌లో ఉన్న తప్పుని అది వెనక్కి వచ్చేసరికి దాదాపు రెట్టింపు చేస్తుంది, ఎందుకంటే లోతు దిశలో (లెన్స్ అక్షం వెంట) పెద్దది కావడం 1.4కి వర్గం. 560 ఎం.ఎం. అయింది గనక టార్గెట్‌ని 28 మీటర్లకి జరపండి.

ఎఫ్/8 అవుతుంది. 5డి మార్క్ 4లో ఈ జత మీద 61 పాయింట్లూ పనిచేస్తాయి, 7డి మార్క్ 2లో మధ్య పాయింటే. 7డిలో పక్క పాయింట్‌తో పరీక్షించబోయి కంగారు పడకండి. కన్వర్టర్ తగిలిస్తే కెనాన్ కావాలనే ఫోకస్ మోటారు వేగం తగ్గిస్తుంది, 1.4కి సగానికి. అది లోపం కాదు. చెదురు మాత్రం పెరుగుతుంది. పదికి బదులు 15, 20 ఫోటోలు తీస్తేనే నడుమ విలువ నిలుస్తుంది.

ఎఫ్‌మౌంట్

నికాన్ వాళ్లు కూడా చదువుతారు గనక: డి500, డి850లో లైవ్ వ్యూలో ఉండి ఏఎఫ్ మోడ్ బటన్, వీడియో రికార్డ్ బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే కెమెరాయే విలువ తేల్చి రాసుకుంటుంది. ఒక్కసారి వచ్చిన అంకెని నమ్మొద్దు. ఐదారుసార్లు చేసి, ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి, వచ్చిన వాటి నడుమ విలువని చేత్తో పెట్టుకోండి. ఒక మోడల్‌కి ఒకే విలువ దాస్తాయి, కాబట్టి ఒకే మోడల్‌వి రెండు లెన్స్‌లుంటే కుదరదు. డి5600 లాంటి బాడీల్లో ఈ మెనూ లేదు, అక్కడ పైన 60డికి చెప్పిన దారే. ఎక్కువ మెట్లు పెట్టాక అనంతం దాకా ఫోకస్ వెళ్తోందో లేదో దూరపు టవర్ మీద ఒకసారి చూసుకోండి, పెద్ద విలువలతో ఆ చివర అందకుండా పోయే అవకాశం ఉంది.

రెక్కలు_600

60డినే ప్రమాణంగా పెట్టుకుని 600 వరస వరకు చేశాను. పుల్లల వరసతో చూస్తే 60డిలో ఇప్పుడు ముందూ వెనకా సమంగా పడుతోంది, 15 మీటర్లకీ 40కీ తేడా పోయింది. 5డికి ఇప్పుడు +1, 7డికి −8. మధ్య తేడా 9 వచ్చింది, 10 కాదు. ఒక్క మెట్టు తేడా కొలతలోదేనా? ఇంకోటి, 7డిలో "క్లియర్ ఆల్ కెమెరా సెట్టింగ్స్" నొక్కాక దిద్దినదంతా పోయినట్టుంది.

గ్రౌండ్‌గ్లాస్

ఒక్క మెట్టు కొలతలోదే, వదిలేయండి.

7డిలో విలువలు పోలేదు. క్లియర్ చేస్తే రిజిస్టర్ చేసిన అంకెలు అలాగే ఉంటాయి, మైక్రో అడ్జస్ట్‌మెంట్ మాత్రం "డిజేబుల్"కి వెళ్లిపోతుంది. మెనూలోకి వెళ్లి మళ్లీ "లెన్స్ వారీగా" ఎంచుకోండి, −8 కనబడుతుంది. కనబడ్డాక టార్గెట్ మీద ఒకసారి తీసి చూసి, మూడు బాడీల అంకెలూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసి డాక్ పెట్టెలో పడేయండి. సర్వీసుకి ఇచ్చి తెచ్చిన బాడీకి పాత అంకె వర్తించదు, దాన్ని 0 చేసి మళ్లీ మొదలుపెట్టాలి.